ఈత ఎవరికొచ్చు

నాకు ఈత వచ్చు. ఈ ముక్క ముందుగాల్నే చెప్పి పెడుతున్న, ఎందుకంటె మా ఇంట్ల ఎవ్వరు నమ్మరు.

లాల్‌దర్వాజల మా బాపుకు బర్ల కొట్టం ఉండె. కొట్టం ఎనుక పెద్ద బాయి. పెద్దమనిషినయ్యేదాక నేను ఆ బాయిలనే పెరిగిన. బాపు నా ఈపుకు జీలుగ బెండ్లు కట్టి, గట్టు మీదికెళ్లి దబ్బున తోసి, "కాళ్లు కొట్టవే, కాళ్లు కొట్టు" అని ఒర్రేటోడు. ఈపు మీద బెండ్లుంటె మనిషి బోర్ల తేలుతడు. ఇగ తల ఎత్తుడు మన పని, కాళ్లు చేతులు ఆడించుడు మన పని. దినాం ఒక్కొక్క బెండు తగ్గించుకుంట పోయి, ఒకనాడు చెప్పకుంట చెయ్యకుంట అన్నీ ఊడగుంజి తోసిండు. మునిగిన, నీళ్లు తాగిన, తేలిన, ఈదుకుంట మెట్లకాడికి వచ్చిన. బాపు బీడి ముట్టించి, "నా బిడ్డ చేప" అన్నడు. నా జిందగీల నన్ను ఎవరన్న మెచ్చుకున్నరంటె గా ఒక్కసారే.

మా ఆయనది మాదన్నపేట. సర్కారు ఫ్యాక్టరీల మిషిన్ మీద పని. నల్ల కింద బిందె నిండుడు తప్ప నీళ్ల సంగతి ఆయనకేం తెల్వదు. ఎనభైలల్ల ఒక ఎండాకాలం ముందు, సర్కారే టికెట్ పైసలిచ్చే ఎల్‌టీసీ మీద దోస్తులంత కలిసి కొచ్చిన్ దాక రైల్ల, ఆడికెళ్లి ఓడల దీవులకు పోదామని లొల్లి మొదలువెట్టిన్రు. పెండ్లాలను గూడ తీస్కపోతరట. దీవికాడ రెండు తీర్ల సైర్ ఉంటదట. ఒకటి, అడుగున అద్దం బిగించిన పడవల కూసొని చేపలను చూసుడు. ఇంకోటి, కండ్లకు అద్దాల ముసుగు, ఊపిరికి నోట్ల గొట్టం పెట్టుకొని నీళ్ల మీద బోర్ల తేలుకుంట చూసుడు. ముసుగులు తక్కువున్నయి, ఇంటికి ఒక్కరే దిగాలె. ఎవరు దిగుతరో ముందుగాల్నే చెప్పాలె.

"నేను దిగుత" అన్న. పెండ్లయిన సంది నీళ్లకు మొహం వాచిపోయి ఉన్న మరి.

ఆయన నవ్విండు. "చీర కట్టుకొనా? తడిసిన చీరతోని నా దోస్తుల ముంగట నిలవడ్తవా? ఇజ్జత్ అనేది ఉందా లేదా నీకు?"

"నీకు ఈత రాదు గదయ్యా."

"ఆడిదానివి, నువ్వే నేర్చుకున్నవు. నాకు రాదా?"

గట్ల నా సముద్రం పాయె. ఆయన ఈత నేర్చుకునుడు షురూ అయ్యింది. మా బాపే నేర్పిండు, గాని నాకు నేర్పినట్ల కాదు. తోసుడు లేదు, ఒర్రుడు లేదు. "మెల్లగ అల్లుడా, పైలం అల్లుడా." ఒక్క బెండు గూడ తియ్యలె. ఆయన ఈ గోడ ఇడిచి నాలుగు బార్లేసి ఆ గోడ పట్టుకొని "వచ్చేసింది మామా" అనేటోడు. "మస్తు వచ్చింది" అనేటోడు బాపు. నేను గట్టు మీద తువ్వాల పట్టుకొని నిలవడేదాన్ని. సముద్రంల గోడ ఎవడు కట్టిపెట్టిండు?

"జర బెండ్లు తియ్యి బాపూ" అన్న ఒకనాడు.

"నువ్వు నోర్ముయ్యి. అల్లునికేమన్న అయితె నీ పుస్తెలకే మోసం" అని కసిరిండు.

దీవికాడ ఒక మలబారాయన ముసుగులు పంచుకుంట, ఈత ఎవరికొచ్చని హిందీల అడిగిండు. అందరికన్న ముందు మా ఆయన చెయ్యి లేసింది. నీళ్లల్ల తేలనీకె అందరికి తలా ఒక నారింజ రంగు జాకెట్ ఇచ్చిన్రు. దాంట్ల ఒక దిక్కు లావుగ మెత్త ఉన్నది. మా ఆయన ఆ మెత్తను ఈపు దిక్కు ఏసుకొని, తాళ్లు రొమ్ము మీద కట్టుకున్నడు. అచ్చం బెండ్లు కట్టుకున్నట్టు.

"ఏమయ్యా, మెత్త ముంగటికి రావాలంటున్నడు ఆ మనిషి" అన్న.

"మీ బాపు కంటె వానికి ఎక్కువ తెలుసా?" అన్నడు.

ఆడోళ్లం అద్దం పడవ ఎక్కినం. కింద పచ్చవి, నీలంవి, చారలవి, ఎన్ని చేపలో. ఓ యవ్వో, కండ్లు సాలలె. పక్కన మా ఆయన బోర్ల తేలుతున్నడు. "మీ ఆయన మస్తు ఈదుతున్నడు" అన్నది ఒకామె. నేను సూసిన. ఈదుతలేడు. చేతులు నీళ్లను కొడుతున్నయి, మనిషి కదుల్తలేడు. అల ఒకటి గొట్టం మీదికెళ్లి పోయింది. తల ఎత్తవోతడు, ఈపు మీది మెత్త మల్ల ముఖాన్ని నీళ్లల్లకే ఒత్తుతది. పట్టుకుందామంటె గోడ లేదు.

దుంకిన. చీర కాళ్లకు సుట్టుకున్నది, గుంజి ఎగదోపుకున్న. ఆయన జాకెట్ తాడు దొరకబట్టి, మనిషిని ఎల్లెలకల తిప్పి, నోట్ల గొట్టం పీకేసిన. నా జుట్టు పట్టుకొని నన్నే ముంచవోయిండు. చెంప మీద ఒక్కటిచ్చిన. అప్పుడు ఇడిచిండు. మలబారాయన వచ్చేదాక నేనే పట్టుకున్న. సచ్చేటోన్ని చేత పట్టుకొని గూడ నీళ్లు ఎంత బాగున్నయనుకున్న, అబద్ధమెందుకు.

మల్ల ఓడెక్కినం. గదిల తలుపేసినంక ఆయన నన్ను కొట్టిండు. మగోళ్ల ముంగట దుంకుతవా, మగన్ని కొడతవా అని కొట్టిండు. నీళ్లు తాగి సగం సచ్చినోనికి అంత బలం యాడికెళ్లి వచ్చిందో.

బోనాలకు మా బాపు ఇంట్ల అందరం కూడినం. ఆయన కథ మొదలువెట్టిండు. "మీ బిడ్డ పడవల నుంచి జారి పడె మామా. నేను లేకుంటె గా దినమే పాయె. జుట్టు పట్టి గుంజుకొచ్చిన." దీవికి మాతోని వచ్చిన ఆయన దోస్తు ఒకడు పక్కనే కూసొని అవునవునన్నడు. నేను కూర గిన్నె పట్టుకొని నిలవడ్డ. నోరు తెరవలె, ఎందుకంటె బాపు ఉన్నడు. నా ఈత సంగతి తెలిసిన మనిషి ఆయన ఒక్కడు సాలు నాకు.

పక్కింటి ముసలామె అననే అన్నది. "అదేంది పటేలా, నీ బిడ్డకు ఈత వచ్చు గద? నువ్వే నేర్పితివి గద?"

బాపు నా దిక్కు చూసిండు, అల్లుని దిక్కు చూసిండు.

"చిన్నప్పుడు ఏదో బెండ్ల మీద తేలింది, అంతే" అన్నడు. "దానికి ఈతెక్కడిది? అల్లునికి ఇంకో ముక్క ఎయ్యవే."

గంటె నా చేతిలనే ఉండె. ఏసిన.