కోడల్ని బావిలో దించిన మామ

మా మామ, అంటే నా భర్త తండ్రి, పోయిన వారం గుడియాత్తంలో కన్నుమూశారు. మేము వేలూరు నుంచి వెళ్లేసరికి ఇంట్లో ఏడుపులు ఒక పక్క, తగువు ఒక పక్క. తగువు ఆయన చివరి మాట గురించి. అత్త గంజి తాగిస్తుంటే ఆయన ఏదో అన్నారట.

"పోదుం అనినాడు. తమిళంలో, చాలు అని. నా గంజి ఆయనకు ఎప్పుడు నచ్చినాది?" అంటుంది అత్త.

"కాదమ్మా, నాయన పోదాం అనినాడు. పక్కనే ఉండానే నేను" అంటాడు మా మరిది.

ఒకే పూటలో రెండు భాషలు కలిపి మాట్లాడే ఇళ్లు మావి. ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుని ఒకప్పుడు బావి మీద వేలాడినదాన్ని నేను. అందుకే ఎవరి పక్షమూ తీసుకోలేదు.

మామ మేస్త్రీ. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ తట్టి చూసేవారు. నన్ను చూడ్డానికి మా ఊరు కె.వి.కుప్పం వచ్చిన రోజు కూడా నా ముఖం కంటే మా గోడనే ఎక్కువసేపు చూసి, "గోడ వంకర ఉండాది, పిల్ల బాగుండాది" అని తేల్చేశారు. మా నాన్న ఆ గోడ సంగతి చాలాకాలం మరిచిపోలేదు.

ఆయనకు ఒక స్నేహితుడు ఉండేవాడట. ఇద్దరూ కలిసి పని నేర్చుకున్నారు. పల్లెలో బావి లోతు చేస్తుండగా మట్టి కూలి అతను లోపల చిక్కుకున్నాడు. చంకల కింద తాడు కట్టి ఊరివాళ్లే లాగారు. తల గట్టు మీదికి రాగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. తాడు పట్టినవాళ్లు కూడా అతన్ని అందుకుందామని చేతులు చాచారు. అక్కడ, ఆ గట్టు దగ్గర, అతను జారిపోయాడు. తాడు పట్టినవాళ్లలో మామ ఒకరు. ఇది నాకు అత్త చెప్పింది, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. "తాడు పట్టినోడు తమాషా చూడగూడదు" అని మాత్రం పనివాళ్లతో అంటుండేవారు.

ఇళ్లలోకి ప్లాస్టిక్ కుర్చీలు, వీధుల్లోకి ఎస్టీడీ బూత్‌లు వచ్చిన కాలం అది. మామకు తెలిసిన ఫైర్ ఆఫీసరు ఒకాయన టీ తాగుతూ, మనుషుల్ని కాపాడే పరికరాలకు కొత్త ఆలోచనలుంటే పంపమని పైనుంచి అడుగుతున్నారని అన్నాడు. పాపం, మాటవరసకు అన్నాడు. మర్నాటికి అత్త కొత్త కుర్చీకి కాళ్లు లేవు.

"రీసెర్చి" అన్నారు మామ.

"నీ రీసెర్చి పాడుగాను, నేను కూచునేది యాడ?" అంది అత్త.

పాత ఇనుము కొట్టులో, నుజ్జయిన కారు నుంచి సీటు బెల్టులు కోసుకొచ్చారు. గోడ కట్టేటప్పుడు వేసే సారం కర్రలు ఇంటి వెనక ఎండిన బావి మీద నిలబెట్టి కప్పీ కట్టారు. ఆ కుర్చీలో ముందు ఇసుక మూట దిగింది, తర్వాత గుమ్మడికాయ. గుమ్మడికాయ తిరిగొచ్చింది గానీ కూరకే పనికొచ్చింది. మనిషిని దించి చూపిస్తే తప్ప వేలూరుకు ఉత్తరం రాయనని ఆఫీసరు చెప్పేశాడు. మామ ఆశగా అత్త వైపు చూశారు. అత్త వంటింట్లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఇక మిగిలింది నేను. భయం వేసింది, నిజమే. కానీ ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను.

దిగడం బాగానే దిగాను. పైకి వచ్చేటప్పుడు కుర్చీ చెయ్యి సారం కర్రకు తగులుకుంది. గట్టు మీద నిలబడ్డ ఆఫీసరు తమిళాయన కదా అని "పోదుం, పోదుం" అని అరిచాను. తాడు పట్టినవాళ్లు మా తెలుగువాళ్లు. "కోడలమ్మ పోదాం అంటా ఉండాది, లాగండప్పా" అని ఇంకా ఉత్సాహంగా లాగారు. నేను అరిచినకొద్దీ లాగారు. కుర్చీ విరిగి బావిలో పడింది. నేను బెల్టుల్లో, కప్పీకి జడ చిక్కుకుని, గాలిలో మిగిలాను.

ఈలోగా మా వీధివాళ్లెవరో ఎస్టీడీ బూత్ నుంచి కె.వి.కుప్పానికి ఫోన్ చేశారు. చెప్పింది ఒకటే ముక్క: మీ బిడ్డను మామ బావిలో దించినాడు. మా నాన్న వ్యానులో బంధువులందరినీ వేసుకుని వచ్చి, వేలాడుతున్న నన్ను చూసి కొయ్యబారిపోయాడు.

"ఏం సంబంధీ, నా బిడ్డ ఏం తప్పు చేసినాది?" అన్నాడు వియ్యంకుడితో.

"తప్పేం లేదు బావా. బరువు సరిగా ఉండాది" అన్నారు మామ.

నన్ను గట్టెక్కించారు గానీ, వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోవడానికి చాలా రోజులు పట్టింది.

వేలూరు నుంచి వచ్చిన ఫైర్ పెద్దాఫీసర్లు అన్నీ తిప్పి తిప్పి చూసి, కుర్చీ వద్దు, బెల్టులు మాత్రం బాగున్నాయి అన్నారు. మామ అలిగారు గానీ వాళ్లు చెప్పిందే నిజం. కేకలకు రెండు భాషల్లోనూ ఒకటే అర్థముండే మాటలు కావాలని ఆఫీసరు పట్టుబట్టాడు. చాలాసేపు ఆలోచించి, లాగమంటే కాఫీ, ఆపమంటే ఇడ్లీ అని ఖాయం చేశారు.

ఆ ఎండాకాలమే పళ్ళికొండ దగ్గర ఒక అవ్వ, మేకపిల్ల కోసం బావిలోకి దిగింది. మెట్లు కూలి అడుగున చిక్కుకుంది. ఫైర్‌వాళ్లు మామకు కబురు పెట్టారు. బెల్టులు ఎలా కట్టుకోవాలో చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. గట్టు మీద పడుకుని ఒక్కో బెల్టూ ఎలా బిగించాలో అవ్వకు అరిచి చెప్పాను. ఆఫీసరు "కాఫీ, కాఫీ" అని కేక వేశాడు.

"నాకొద్దు నాయనా, మీరు తాగండి. ముందు నన్ను పైకి తియ్యండి" అంది అవ్వ లోపలి నుంచి.

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. తాడుకు మొదట ఆయనే ఉన్నారు. అవ్వ తల గట్టు మీదికి రాగానే జనం కేకలు వేస్తూ ముందుకు తోసుకొచ్చారు. మామ ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకున్నారు.

"అమ్మా, కాళ్లు?" అన్నారు నాతో.

"ఇంకా రాలేదు మామా."

నడుము వచ్చింది, చంకలో మేకపిల్లతో సహా. మోకాళ్లు వచ్చాయి. అవ్వను నేల మీద నిలబెట్టి బెల్టులు విప్పాం. "వచ్చినాయి మామా, నిలబడుండాది" అన్నాను. ఆయన కళ్లు తెరవలేదు. ఆఫీసరు భుజం తట్టి చెప్పినా తాడు వదల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది. చివరికి ఆ అవ్వే మేకపిల్లను నా చేతికిచ్చి, ఆయన దగ్గరికి వెళ్లి, బురద చేతులతో ఆయన వేళ్లు తాడు మీంచి ఒక్కొక్కటే విప్పింది.