బావ రాకముందే మొదలైన ఆట

పెళ్లయి ఇన్నేళ్లయినా, ఆ ఆట రోజు దాకా మా బావ ఎదుట నేను ఏనాడూ గొంతెత్తలేదు. బావంటే మా ఆయన అన్న. శామీర్‌పేట వైపు మా ఊరి చుట్టూ ఉన్న పొలాలను వెంచర్లు చేసి అమ్మిన మనిషి, మెడలో పార్టీ కండువా లేకుండా గడప దాటడు. ఆయన ఇంట్లోకి వస్తే కోడళ్లం లేచి నిలబడతాం, కొంగు భుజం చుట్టూ కప్పుకుంటాం. అలాంటి ఇంటి కోడల్ని ఆదివారాలు ట్రాక్ ప్యాంటు వేసుకుని ఫుట్‌బాల్ ఆడతాననేసరికి మా అత్త నాతో మాటలు మానేసింది. చివరికి పప్పులో ఉప్పెక్కువైందని తిట్టడానికి నోరు తెరిచింది.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఆడవాళ్లం మాకు మేమే నడుపుకునే లీగ్ అది. నాగారం వాళ్లకో జట్టు, గండిమైసమ్మ వాళ్లకో జట్టు, తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసే పిల్లలకో జట్టు. మాది అతుకుల బొంత. చెరువులో చేపలు పట్టే ఇళ్ల పిల్లలు, మట్టిపనికి పోయే ఆడవాళ్లు, పటేళ్ల ఇంటి నుంచి నేనొక్కదాన్ని. గోలు కాపలా నాది. మైదానం బయట అందరూ నన్ను 'పటేలమ్మా' అనేవాళ్లు. లోపల మాత్రం ముందు వరుసలో ఆడే చేపలోళ్ల పిల్ల ఒకటే అరుపు: "ఏందక్కా, బాల్ సంకల వెట్టుకోని నిద్రవోతున్నవా? తన్నరాదు!" నిజం చెబుతున్నాను, ఆ తిట్టు వినడం కోసమే వారమంతా ఎదురుచూసేదాన్ని.

లీగ్‌లో ఒక నియమం దగ్గర మాత్రం మొహమాటం లేదు. ప్రతి జట్టుకూ తన మైదానం ఉండాలి, లేకపోతే జట్టును తీసేస్తారు. మాది బావ వెంచర్లో పార్కు కోసమని వదిలిన జాగా. వెంచర్ ముందు పెద్ద బోర్డు మీద దానికి పచ్చరంగు పూసి, 'పార్కు' అని రాసి, చుట్టూ ప్లాట్లు అమ్ముకున్నారు. అమ్ముడుపోయాక అక్కడ చెట్టు కాదు కదా, గరికైనా వేసినవాళ్లు లేరు. రాళ్లు మేమే ఏరాం, తుమ్మకంప మేమే కొట్టాం, పాత బోరు పైపులు నాటి గోల్‌పోస్టులు చేసుకున్నాం. అయినా పెద్దవాళ్లకు చెప్పి ఆడాలి కదా అని మా ఆయనతో బావను అడిగించాను. "ఆడుకోనియ్ తీ, ఖాళీ జాగనే గదా" అన్నాడట. అంత చాకిరీ చేశాక ఖాళీ జాగా అంటే నాకు కాలింది. పోనీలే అని ఊరుకున్నాను.

నాగారం జట్టు మా దగ్గరికి ఆడటానికి వస్తోందని బావను ముఖ్య అతిథిగా పిలిచాం. చేజేతులా చేసుకున్న తప్పు అది. మా దగ్గర ఇదో రోగం. బోరు వేసినా, బడి గోడకు సున్నం కొట్టినా ఎవరో ఒక నాయకుడు వచ్చి కొబ్బరికాయ కొట్టాలి, ఆయన వచ్చేదాకా పని ముట్టుకోకూడదు. ఫ్లెక్సీ కూడా కట్టించాం. అందులో బావ ముఖం గంప అంత ఉంది. ఆడేవాళ్లం మాత్రం ఆయన గడ్డం కింద స్టాంపుల్లా సర్దుకున్నాం.

చలికాలం, పొద్దు జల్దీ వాలిపోయే రోజులు. మధ్యాహ్నం దాటగానే మొదలు కావలసిన ఆట. బావ మనిషికి ఫోన్ చేస్తే "బయల్దేరిన్రు" అన్నాడు. చాలాసేపటికి మళ్లీ చేస్తే "దార్ల ఉన్నరు" అన్నాడు. మా నాయకులు బయల్దేరడానికీ దారిలో ఉండడానికీ మధ్య ఒక పంట తీయొచ్చు. నాగారం పిల్లల్లో కొందరికి సాయంత్రం డ్యూటీలున్నాయి. రెఫరీగా వచ్చిన రిటైరైన డ్రిల్లు సారు "చీకటి వడితె నేను విజిల్ ఊద, ముందే జెప్తున్న" అన్నాడు. ఆట జరగకపోతే పిలిచినవాళ్లం కాబట్టి మేం ఓడినట్టే. మొదలుపెడితే బావకు కోపం. బావకు కోపమొస్తే మైదానం పోతుంది, మైదానం పోతే జట్టే ఉండదు.

"నీ బావనే గదా అక్కా, నువ్వే జెప్పు. ఆగుదామా, ఆడుదామా?" అంది చేపలోళ్ల పిల్ల. అందరూ నా ముఖమే చూశారు. నాకు భయమేసింది, అబద్ధం ఎందుకు. కానీ అటు చూస్తే రెండు జట్ల ఆడవాళ్లూ బూట్లు కట్టుకుని, పళ్లెంలో ఉన్న కొబ్బరికాయకు కాపలా కూర్చున్నారు. అది చూసి ఒళ్లు మండింది. ఆ కాయ తీసి నేనే గోల్‌పోస్టు పైపుకేసి కొట్టాను.

"ఊదుండ్రి సార్" అన్నాను.

రెండో సగం నడుస్తుండగా బావ కార్లు వచ్చాయి. శాలువాలు పట్టుకున్న మనుషులు సున్నం గీత తొక్కుకుంటూ నేరుగా లోపలికి నడిచారు. "అన్నొచ్చిండు, ఆట ఆపున్రి!" అని కేకలు. బంతి అప్పుడు నా చేతుల్లో ఉంది. బావ నన్ను చూశాడు. కొంగు లేదు, మోకాళ్ల నిండా మట్టి.

"ఏందమ్మా గిది? నేను రాకముందే షురూ జేసిన్రా?"

"మస్తు సేపు సూసినం బావా. పొద్దు వోతాంది. గీత అవుతల కూసోండ్రి, ఆట అయినంక శాలువ కప్పుతం."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"గీ జాగ ఎవరిదో మర్సిపోయినవా?"

"పార్కుదని మీరే బోర్డు మీద రాపిచ్చిన్రు గదా బావా."

అని, వాళ్ల తలల మీదుగా బంతిని బలంగా తన్నాను. మా పిల్ల శాలువాల వాళ్లను తప్పించుకుంటూ దాని వెనక ఉరికింది, నాగారం వాళ్లు ఆమె వెనక ఉరికారు. ఇక ఆ మధ్యలో ముఖ్య అతిథి నిలబడటానికి చోటెక్కడిది? కార్లు తిరిగి వెళ్లిపోయాయి. ఆట వెలుగుండగానే ముగిసింది, ఇద్దరికీ సమానం.

మర్నాడు పొద్దున బావ మైదానం నడుమ, ఈ గీత నుంచి ఆ గీత దాకా, జేసీబీతో కందకం తవ్వించేశాడు. "అన్నకు ఎదురు మాట్లాడినవ్, ఇగ ఏమైతదో నాకు తెల్వదు" అన్నాడు మా ఆయన. ఆయనకు ఎప్పుడూ ఏమీ తెలియదు, పాపం. నేను ఆ మట్టి కుప్ప మీద కూర్చుని ఏడ్చాను. నా నోటి దురుసుకు అందరి ఆటా పోయిందని ఏడ్చాను.

మా జట్టులో మట్టిపనికి పోయే ఆమె కందకంలోకి తొంగిచూసి పెదవి విరిచింది. "గింతేనా? ఉపాధి పనిల గిసొంటియి ఎన్ని తవ్వలే మనం! తవ్వినోళ్లకు పూడ్సుడు రాదా? లే అక్కా" అంది. జట్టంతా ఇళ్లకు పోయి పారలూ తట్టలూ తెచ్చారు. చేపలోళ్ల పిల్ల తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది. నేను తట్ట నెత్తికెత్తుకున్నాను. పటేళ్ల కోడలు మట్టి మోస్తోందని రోడ్డు మీద బండ్లు ఆపి మరీ చూశారు. చూడనీ అనుకున్నాను. పూడ్చి, నీళ్లు చల్లి, అందరం వరసకట్టి తొక్కాం.

సాయంత్రం అన్నాల దగ్గర బావ నా వైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు: "రేపు మళ్ల మిషన్ పంపుత. ఎన్నిసార్లు పూడుస్తరో సూస్త."

మా ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు. వడ్డిస్తున్న నేనే జవాబు చెప్పాను.

"పంపుండ్రి బావా. మిషన్‌కు డీజిల్ గావాలె. మా వాళ్లకు ఇంత సల్ల వోస్తె సాలు."

అత్త గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. బావ చెయ్యి కడుక్కుని లేచాడు. తెల్లారి మేం పారలు పట్టుకుని పోయి కూర్చున్నాం, మిషన్ రాలేదు. ఎప్పుడైనా రావచ్చు. అందుకే ఇప్పటికీ గోలు వెనక పారలు పెట్టుకునే ఆడుతున్నాం.