పియానోవిడ తోక కారు

ఆర్డిత్ వొండ్రాచెక్ చెవికి భయపడని పాస్టరు మా నాలుగు కౌంటీల్లో ఒక్కడూ లేడు. చర్చిలోకి అడుగు పెట్టిందో లేదో, పియానో మూత ఇంకా తియ్యనైనా తియ్యకముందే మొదలుపెట్టేది. "ఆ ఫ్యాను అలా మూలుగుతుంటే మీకు ప్రార్థన ఎలా సాగుతోందయ్యా? ముందు దానికి రెండు చుక్కలు నూనె వెయ్యండి, తర్వాత పియానో సంగతి చూద్దాం" అనేది. వాళ్ళు గబగబా నిచ్చెన తెచ్చేవాళ్ళు. తెచ్చేదాకా ఆవిడ సంచీ విప్పేది కాదు మరి!

పదిహేడేళ్ళప్పుడు, స్కూలు పియానోకి శ్రుతి చెయ్యడానికొచ్చిన ముసలాయన వెంట పడి రెండేళ్ళు తిరిగి ఆ పని పట్టేసింది. అప్పటి నుంచి నలభై ఏళ్ళు నెబ్రాస్కా మట్టిరోడ్లే ఆవిడ ఆఫీసు. ఎక్కడో పొలాల మధ్య ఒక చర్చి, దానికి పాతిక మైళ్ళ దూరంలో ఒక బడి, ఇంకో ముప్ఫై మైళ్ళు పోతే పెళ్ళికి బహుమతిగా వచ్చిన పియానోని ప్రాణంలా చూసుకునే ఒక రైతు భార్య. ఏ వంతెన వానకి మునుగుతుందో, ఏ మలుపులో కంకర జారుతుందో ఆవిడకి తెలిసినంతగా రోడ్లు వేసినవాళ్ళకి కూడా తెలియదు.

అందుకే 2006లో కౌంటీ కమిషనర్ పదవికి నిలబడింది. రోడ్లూ వంతెనలూ చూసేది కమిషనర్లే కదా. మూడు వందల బోర్డులు అచ్చు వేయించింది. ఇళ్ళ ముందు గడ్డిలో గుచ్చుతారే, లోపల సన్నసన్న గొట్టాలుండే ప్లాస్టిక్ అట్టలు, అవే. తెల్లటి అట్ట మీద నీలం అక్షరాలు: "ఆర్డిత్ వొండ్రాచెక్. ఈ రోడ్లు ఎరిగిన మనిషి."

ఎదురు నిలిచినవాడు డువేన్ క్లాట్, ట్రాక్టర్ల విడిభాగాల కొట్టాయన. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే తరగతి. అయినా ప్రచారమంతా ఆవిడ పేరు ఒక్కసారీ ఎత్తలేదు. "ఆ పియానోవిడ" అనేవాడు. "తీగలు బిగించుకునే పియానోవిడకి వంతెనల గొడవ దేనికంట?" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. ముప్ఫై ఎనిమిది ఓట్లతో ఆవిడ ఓడిపోయింది.

ఓడటం ఒక ఎత్తు, ఆ తర్వాత పని ఇంకో ఎత్తు. ఎవరి బోర్డులు వాళ్ళే వారంలోగా పీక్కుపోవాలి, అది మా దగ్గర మర్యాద. నవంబరు చలిలో ఇంటింటి ముందూ కారు ఆపి, దిగి, తన పేరు తనే పీకి, మట్టి దులిపి వెనక సీట్లో పడేసుకుంది. కిటికీ తెరల చాటునుంచి చూసినవాళ్ళు చూశారు. ఇద్దరు ముగ్గురు బయటికొచ్చి "అయ్యో పాపం" అన్నారు. ఆ అయ్యో పాపాలకే ఆవిడకి ఒళ్ళు మండింది. బోర్డులన్నీ కొట్టంలో పడేసి తలుపు మూసింది. ఏడాదిన్నర ఆ తలుపు వైపు చూడలేదు.

2008 వసంతంలో పెట్రోలు ధర ఆకాశానికి ఎక్కింది. దూరపు చర్చిలు వదిలేసుకోమని భర్త లుమిర్ నచ్చజెప్పబోయాడు.

"జెలెన్కా చర్చి డెబ్బై ఒక్క మైళ్ళు ఆర్డీ. వెళ్ళిరావడానికే సరిపోతోంది నీ సంపాదన."

"ముప్ఫై ఏళ్ళుగా ఆ పియానో మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. వదిలేస్తే ఈస్టరు నాటికి పిల్లి ఏడ్చినట్టు ఏడుస్తుంది. నేను వదలను."

"మరి కారు గాలి తాగి నడుస్తుందా?"

ఆ మాట లుమిర్ వెటకారంగానే అన్నాడు. ఆవిడ మాత్రం కాఫీ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది. గాలి! నలభై ఏళ్ళుగా కారు నడుపుతూ ఆ గాలి అరుపులు వింటూనే ఉంది. అద్దం దగ్గర ఒక ఈల, చక్రాల దగ్గర ఒక బుసబుస, వెనకాల ఎప్పుడూ ఒక మొండి మూలుగు. గాలి ఊరికే అరుస్తుందా? ఎక్కడ అరుస్తోందంటే అక్కడ కారుని పట్టుకుని వెనక్కి లాగుతోందన్నమాట. లాగుతోందంటే పెట్రోలు అక్కడే పోతోందన్నమాట.

మర్నాడే కొట్టం తలుపు తెరిచింది.

ఆవిడది మూడు సిలిండర్ల బుల్లి కారు. ముందుగా అల్లిక ఊలు జానెడు ముక్కలుగా కోసి కారు ఒళ్ళంతా అంటించింది. తను నడుపుతుంటే లుమిర్ తన పికప్ ట్రక్కులో పక్కనే వస్తూ చూసి చెప్పాలి. ఊలు ముక్క కారుకి అంటుకుని బుద్ధిగా పడుకుంటే అక్కడ గాలి సాఫీగా పోతున్నట్టు. పిచ్చిగా ఎగిరితే అక్కడ పేచీ ఉన్నట్టు.

"వెనకంతా తైతక్కలాడుతోందే!" అని లుమిర్ కిటికీలోంచి కేకేశాడు.

"నాకు వినిపిస్తూనే ఉందిలే. నువ్వు రోడ్డు చూసుకో, కాలవలో పడతావ్!"

ఇక పని మొదలైంది. ఇంజను ముందున్న జాలీని సగానికి పైగా మూసింది. కారు కడుపంతా నున్నగా ఉండేలా కింద ఆ ఎన్నికల అట్టలు పరిచి బిగించింది. వెనక చక్రాలు సగం మూసుకునేలా వాటికి అట్ట పావడాలు కట్టింది. అన్నిటికన్నా పెద్ద పని తోక. కారు వెనక భాగం మొండిగా తెగిపోకుండా, సన్నబడుతూ పోయేలా మూడడుగుల తోక కట్టింది. రెండేసి అట్టలు కలిపి అతికి, అక్షరాలున్న వైపులు రెండూ లోపలికి పెట్టేసింది. తన పేరు తను చూడలేకపోయింది, అంతే. బయటికి తెల్లగా, బోసిగా ఉంది.

ఒక్కో మార్పు తర్వాత పది మైళ్ళు నడిపి వినేది. ఈల తగ్గిందా, మూలుగు స్థాయి మారిందా? తలుపు అంచున ఈల ఇంకా ఉందంటే దిగి, టేపు పీకి మళ్ళీ అతికేది. ఒక్క తోకనే ఏడుసార్లు విప్పి కట్టింది. అట్టలు పట్టుకోలేక లుమిర్ భుజాలు పడిపోయాయి. జూన్ కల్లా గ్యాలనుకి నలభై ఏడు మైళ్ళు ఇచ్చే కారు డెబ్బై దాటింది.

ఊరు ఊరుకుంటుందా? ధాన్యం సొసైటీలో పొద్దున్నే కాఫీ బల్ల చుట్టూ చేరే పెద్దమనుషులకి ఇంతకన్నా పండగేముంది!

"లుమిర్, మీ ఆవిడ కారుకి కాన్పు ఎప్పుడోయ్?"

"శవపేటిక లాగుందిరా ఆ తోక. ఒక మనిషిని పడుకోబెట్టొచ్చు."

అందరికన్నా గట్టిగా నవ్వింది డువేనే. "డెబ్బై మైళ్ళంట! పియానోవిడ చెవులు మంచివే గానీ, కళ్ళు అంకెలు చదవడం మానేసినట్టున్నాయ్."

ఆవిడ అక్కడే ఉంది, కౌంటరు దగ్గర. చేతిలో పొట్లం బల్ల మీద పెట్టి తిన్నగా వచ్చి డువేన్ ముందు నిలబడింది.

"ట్యాంకు ఖాళీ చేసి నీ చేత్తోనే ఒక్క గ్యాలను పొయ్యి. జెలెన్కా చర్చి మెట్ల దాకా వెళ్తాను. వెనకాలే నీ ట్రక్కులో రా, సాక్షిగా."

"చేరకపోతే?"

"చేరకపోతే ఊరందరి ముందూ ఈ తోక నా చేత్తో పీకేస్తాను. మళ్ళీ దీని ఊసెత్తను."

"చేరితే నాకేం శిక్ష వేస్తావ్?"

"నన్ను పేరు పెట్టి పిలవాలి. పూర్తి పేరు, అందరూ వినేలా."

బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. డువేన్ టోపీ సర్దుకుని "సరే" అన్నాడు.

జూలైలో, జెలెన్కా ఊరి పుట్టినరోజు పండగ నాడు పెట్టుకున్నారు. ట్యాంకు తోడేసి, కారు ఆగిపోయేదాకా నడిపించి, డువేన్ గ్యాలను డబ్బా చివరి చుక్క దాకా ఒంపాడు. ఒంపేశాక కూడా దులిపాడు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆవిడ కిటికీలు ఎత్తేసి, నలభై అయిదు మైళ్ళ వేగంలో పడమరకి బయల్దేరింది. వెనకాల డువేన్ ట్రక్కు. దాని వెనక లుమిర్, పెదాలు కొరుక్కుంటూ.

దక్షిణపు గాలి ఎడమ పక్కనుంచి కొడుతోంది. నలభై మైళ్ళ దాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత వినిపించింది ఆవిడకి, వెనక ఎడమ వైపు సన్నటి కొత్త మూలుగు. రెండు మైళ్ళలో అది బొంగురు అరుపైంది. ఆపితే మళ్ళీ బయల్దేరడానికి పెట్రోలు ఖర్చు. ఆపకపోతే దారంతా ఖర్చు. మనసు రాయి చేసుకుని ఆపింది.

తోక ఎడమ అతుకు విచ్చుకుంది. అదొక్కటే అయితే ఫరవాలేదు. తోక చివరి మూత మీది పై అట్టని గాలి ఊడగొట్టి పంటచేలోకి పట్టుకుపోయింది. లోపలి అట్ట బయటపడింది. నీలం అక్షరాలు ఎండలో మెరుస్తున్నాయి: "ఆర్డిత్ వొండ్రాచెక్. ఈ రోడ్లు ఎరిగిన మనిషి."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఎవరి కంట పడకూడదని లోపల దాచిందో ఆ మనిషే ట్రక్కు ఆపి దిగుతున్నాడు.

"ఏమైంది పియానోవిడా? తోక తెగిందా?"

ఆ అక్షరాలు కప్పడానికి అట్ట లేదు, సమయమూ లేదు. పనిసంచీలోంచి ఎర్రటి ఉన్ని పట్టీ తీసింది. శ్రుతి చేసేటప్పుడు పక్క తీగలు మోగకుండా మధ్యలో దోపే పట్టీ అది, పని నేర్పిన ముసలాయన ఇచ్చింది. దాన్ని ఆ విచ్చుకున్న సందులోకి వేళ్ళతో ఒత్తి ఒత్తి కూరి, పైన టేపు వేసింది. ఎక్కి కూర్చుని బయల్దేరింది. మూలుగు పోయింది.

చివరి ఆరు మైళ్ళు రోడ్డు దక్షిణానికి తిరుగుతుంది. ఇక గాలి నేరుగా మొహం మీదికి. పెట్రోలు ముల్లు ఎప్పుడో అడుక్కి పడిపోయింది. ఒక్కో మైలురాయీ దాటుతుంటే "ఇంకొక్కటి, ఇంకొక్కటి తల్లీ" అని కారుని బతిమాలుకుంది. లోయ అంచుకి, ధాన్యం గోదాము పక్కకి వచ్చేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

కింద జెలెన్కా చర్చి గోపురం కనిపిస్తోంది. ముప్పావు మైలు వాలు, చివర్న చిన్న ఎత్తు. ఆవిడ బ్రేకు జోలికి పోకుండా, ఊపిరి బిగబట్టి వింది.

ఏమీ వినిపించలేదు.

ఈల లేదు, బుస లేదు, మూలుగు లేదు. ఎదురుగాలి అంత జోరుగా కొడుతుంటే కారు చుట్టూ ఒక్క అపస్వరం లేదు. నలభై ఏళ్ళలో ఎన్ని పియానోలకి శ్రుతి చేసిందో, ఏ ఒక్కటీ ఇంత నిఖార్సుగా కుదరలేదు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నేను చేశాను దీన్ని" అని పైకే అనుకుంది, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

కారు వాలు దిగింది, దిగింది, వంతెన దాటింది, ఎత్తు ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ నెమ్మదించింది. చర్చి ముందు కొలాచీ రొట్టెలు అమ్ముతున్న ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకునే లేచి నిలబడ్డారు. మనిషి నడిచే వేగానికి పడిపోయి, ముందు చక్రం మెట్టుకి టక్కున తగిలి ఆగింది.

లుమిర్ ట్రక్కు తలుపైనా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆడవాళ్ళ చప్పట్లు, పాస్టరు కేకలు. డువేన్ మాత్రం తీరిగ్గా దిగి, తోక దగ్గర నిలబడి ఆ అక్షరాలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ముప్ఫై మైళ్ళు కళ్ళ ముందు ఇదే" అన్నాడు చివరికి. "ఎన్నికలప్పుడు మా ఇంటి ఎదురుగానే ఉండేది ఈ బోర్డు. ఒక్కరోజు చదివిన పాపాన పోలేదు."

"పందెం మర్చిపోయావా?" అంది ఆవిడ.

"మర్చిపోలేదు." డువేన్ టోపీ తీశాడు. జనం వైపు తిరిగి, గొంతు సవరించుకుని, ఆవిడ చెవికి కూడా వంక దొరకనంత స్పష్టంగా చదివాడు. "ఆర్డిత్ వొండ్రాచెక్. ఈ రోడ్లు ఎరిగిన మనిషి."

పందెం పేరు ఒక్కదానికే, ఆ రెండో ముక్క ఆవిడ అడగలేదు.

ఆవిడ పనిసంచీ భుజాన వేసుకుంది. "వచ్చాను కదా, పియానో కూడా చూసి పోతాను. లుమిర్, ఇంటికెళ్ళాక మిగతా పై అట్టలు కూడా పీకెయ్యి" అని చెప్పి మెట్లెక్కింది.