అక్క సైకిలుకు నేను వేసిన అతుకు

మొన్న అనంతపురంలో మనవరాలికి సైకిలు కొనబోతే, ఈ హ్యాండిలుకు వెల్డింగే లేదు సార్, కంపెనీలోనే జిగురుతో అతికించి వస్తుందని దుకాణం ఆయన గొప్పగా చెప్పాడు. అంతే, నా అరచేతులకు చెమట పట్టింది. హ్యాండిలు పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టి చూస్తుంటే మనవరాలు సిగ్గుపడి దూరంగా పోయి నిలబడింది. పాడైన ప్రతి వస్తువునూ ఇంట్లోనే బాగుచేసుకున్న నా ఈడువాళ్లకు చెబితే ఆ చెమట అర్థమవుతుంది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు, గార్లదిన్నె దగ్గర నూనె మిల్లులో ఫిట్టరు పనికి కొత్త. మా అక్క నాలుగు మైళ్ల అవతలి బడిలో టీచరు. వంగి తొక్కలేక నడుం పట్టేస్తోందంటే, హ్యాండిలు కాడను కోసి, మధ్యలో గొట్టం ముక్క దూర్చి, రెండు ట్యూబుల్లోని మందు కలిపి పూసే జిగురుతో అతికించి ఎత్తు పెంచాను. గరుకు కాగితంతో తుప్పు గీకాను, ఒక పగలూ రాత్రీ కదపకుండా ఉంచాను, అంతా పద్ధతి ప్రకారమే. కాకపోతే గొట్టం బిగుతుగా ఉండి దిగకపోతే, మిల్లులో అన్నిటికీ చేసే అలవాటు కొద్దీ ముందు కాస్త వేరుశనగ నూనె రాసి సరిచూసుకున్నాను. తువ్వాలుతో తుడిచేసి, ఆపైన జిగురు పూశాను. తుడిస్తే పోయేది నూనెట్లా అవుతుంది?

మర్నాడు పొద్దున అక్క బయలుదేరిన కాసేపటికి, పరీక్షకని అదే తీరున అతికించి గోడమీద పెట్టిన రెండు ముక్కలు గుర్తొచ్చి, తీసి తిప్పాను. ఇట్టే ఊడొచ్చాయి. లోపల నూనె మెరుస్తోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. బడిదారిలో వంకలోకి పెద్ద దిగుడు ఉంది, అక్కడ ఆమె ఏనాడూ బ్రేకు పట్టిన మనిషి కాదు. చెప్పులైనా వేసుకోకుండా, అడ్డదారిన చేలల్లో పడి పరిగెత్తాను. నేను గట్టుమీదికి చేరేసరికి ఆమె దిగుడు సగం దాటింది. "దిగక్కా! దిగు!" అని అరిచిన అరుపు గాలికి కొట్టుకుపోయింది. హ్యాండిలు ఒక పక్కకు తిరిగింది, చక్రం మాత్రం తన దారిన తాను పోతోంది. ఆ క్షణంలో నేను మొక్కని దేవుడు లేడు.

వంక ఎండిపోయి ఉండబట్టి ఇసుకలో పడింది. కరువు మాకు చేసిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే. మోకాలు చీరుకుపోయింది, ఊడిన హ్యాండిలు ఇంకా చేతిలోనే ఉంది. నాకు భయమంతా కోపమైపోయి, తప్పు నాదని తెలిసీ ఆమెమీదే ఎగిరాను. "ఎక్కేముందు ఒకతూరి కదిలించి చూసుకోకూడదా నువ్వు?"

"నువ్వు చేసినావు కదప్పా, చూసేదేముండాది?" అంది, చీరకంటిన ఇసుక దులుపుకుంటూ.

నాలుగు తిట్టినా బాగుండేది. మరుసటి వారం కొత్త కాడ తెచ్చి, బోల్టు వేసి బిగించి ఇస్తే, మళ్లీ చూడకుండానే ఎక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు చెంచా కొన్నా గ్యారంటీ కాగితం ఇస్తున్నారు, అయినా ఎవరమూ దేన్నీ నమ్మం, అందరికంటే ముందు నేనే నమ్మను. అక్క పోయి నాలుగేళ్లయింది. నా చేతిపనిని చూసుకోకుండా ఎక్కేవాళ్లు ఇంక ఎవరూ లేరు.