నేను తీసిన నలుసు

తెలుగు రాష్ట్రాల సరిహద్దు అవతల, దోర్నపాల్‌లో హైవే పక్కన నాకు మోటార్లు చుట్టే దుకాణం ఉంది. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ పీకి, కొత్త తీగ చుట్టి, మళ్లీ తిరిగేలా చేయడం నా పని. మా సొంతూరు మరైగూడ వైపు బోరు మోటార్లు వేసవి వస్తే చాలు, వోల్టేజీ చాలక వరసబెట్టి కాలిపోతాయి. తీగ చుట్టలో కరెంటు పారితే లోపలి ఇనుము అయస్కాంతమవుతుంది, కరెంటు ఆగితే మామూలు ఇనుమైపోతుంది. ఈ ఒక్క సంగతి మీదే నా సంసారం నడిచింది. అందుకే దాని మీద నాకు ప్రేమ ఎక్కువ, గర్వం ఇంకా ఎక్కువ.

ఆ గర్వమే కొంప ముంచింది. నా కొంప కాదు, మా బావ కొంప. బావంటే మా అక్క భర్త. నా దుకాణానికి ఆనుకునే అతని వెల్డింగ్ షెడ్డు.

మా వైపు కంట్లో నలుసు పడితే మంత్రించి ఊదేవాళ్ల దగ్గరికో, నాలుకతో నలుసు తీసే ముసలమ్మ దగ్గరికో వెళ్తారు. నాకు వాళ్లంటే ఒళ్లు మంట. కరెంటు తెలిసినవాణ్ణి నేనుండగా ఈ నాలుకలేమిటని ఒక పనిముట్టు తయారుచేశాను. మెత్తని ఇనుప కడ్డీ కొనను సన్నగా అరగదీసి, దాని మీద సన్న రాగి తీగ వందల చుట్లు చుట్టి, ట్రాక్టరు బ్యాటరీకి కలిపాను. స్విచ్ నొక్కితే ఆ కొన ఇనుప రజను లాగేది, వదిలేస్తే రజను రాలిపోయేది. కొన కంటికి తగలకుండా వెంట్రుకవాసి దూరంలో పట్టుకోవడమే అందులో నేర్పు. గ్రైండింగ్ చేసేవాళ్లు, లారీ మెకానిక్కులు, బోరు బండి కూలీలు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. సంత రోజున దుకాణం ముందు బెంచీ మీద ఎర్రబడ్డ కళ్లతో వరసగా కూర్చునేవాళ్లు. ఒకరు గోండీలో, ఒకరు హల్బీలో, ఒకరు హిందీలో గోల పెడుతుంటే నేను పెద్ద డాక్టరునైనట్టు తెలుగులో కసురుకునేవాణ్ణి. నేను ఎవరినీ డబ్బులు అడగలేదు. తీసిన నలుసును తెల్ల కాగితం మీద రాల్చి చూపించినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు అబ్బో అంటే చాలు, ఆ పూట నాకు కడుపు నిండిపోయేది.

ఏడేళ్ల కిందట ఒక సంత రోజు మధ్యాహ్నం, మోటారులో పట్టేసిన బేరింగును బావ ఉలి పెట్టి సుత్తితో కొడుతున్నాడు. ఉన్నట్టుండి అబ్బా అని కుడి కన్ను మూసుకున్నాడు. చేయి పట్టుకుని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. నల్లగుడ్డు అంచున చిన్న చుక్క కనిపించింది. స్విచ్ నొక్కాను, వచ్చేసింది. కాగితం మీద రాల్చాను. జనం అబ్బో అన్నారు.

"ఇంకా లోపల ఏందో గుచ్చుతాంది బామ్మర్ది," అన్నాడు బావ.

"అది గీసుకపోయిన మంట బావా. రెండ్రోజుల్ల పోతది," అన్నాను.

మళ్లీ చూడాల్సింది. గ్రైండింగ్ రజను కంటి పైపైన అతుక్కుంటుంది. సుత్తి దెబ్బకు ఎగిరిన ముక్క లోపలికి దూసుకుపోతుంది. ఈ తేడా నాకు తెలియక కాదు. అందరూ మెచ్చుకున్నాక మళ్లీ కన్ను తెరిపిస్తే, మొదటిసారి సరిగ్గా తీయలేదని ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాను.

నిరుడు వానాకాలంలో బావకు తలనొప్పి మొదలైంది. మాత్రలకు తగ్గలేదు. తర్వాత ఎడమ చేతిలో పట్టు పోయింది, టీ గ్లాసు జారి పడేది. జగదల్‌పూర్‌లో డాక్టరు చూసి, తలలో గడ్డో, పేరుకున్న రక్తమో, ఎమ్మారై తీస్తే తప్ప చెప్పలేనన్నాడు. ఆలస్యం చేయొద్దని రెండుసార్లు అన్నాడు. స్కానింగ్ కోసం అక్క, బావ, నేను మళ్లీ బస్సెక్కాం. తోంగ్‌పాల్ దాటేసరికి అక్క భుజం మీద బావ తల వాల్చి నిద్రపోయాడు. అంతటి మనిషి అలా సోలిపోవడం చూసి నాకు భయం వేసింది.

స్కానింగ్ సెంటర్లో హిందీ ఫారం ఇచ్చారు. బావకు చదవడం రాదు. నేను ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్తున్నాను, అతను జవాబు చెప్తున్నాడు. గుండెకు మిషను పెట్టారా? లేదు. ఒంట్లో రాడ్డు వేశారా? లేదు. కంట్లో ఎప్పుడైనా ఇనుప ముక్క పడిందా?

"లేదని రాయి. పడ్డది నువ్వే తీసినవ్ గదా," అన్నాడు బావ.

నహీ అని రాశాను. చేయి తడబడలేదు కూడా. ఇప్పటికీ దానికే ఎక్కువ సిగ్గుపడతాను.

మొలతాడు విప్పించారు. అక్క కట్టిన తాయెత్తు తీయించారు. స్కాన్ తీసే అమ్మాయి బావను లోపలికి తీసుకెళ్లింది. తలుపు మీద హిందీలో ఒక బోర్డు ఉంది. యంత్రం ఆపి ఉన్నా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుందని. అదెలాగని అక్కడి అటెండరును అడిగాను. లోపల పెద్ద తీగ చుట్ట ఉందట. దాన్ని విపరీతమైన చల్లదనంలో ఉంచుతారట. ఒకసారి ఎక్కించిన కరెంటు దానిలో ఆగకుండా తిరుగుతూనే ఉంటుందట. ఇనుప సిలిండరు ఆ గదిలోకి తెస్తే చాలు, ఎగిరొచ్చి అతుక్కుంటుందని చేతులు చాపి చూపించాడు.

వేరే రోజైతే అతణ్ణి వదిలేవాణ్ణి కాదు, పొద్దుగూకేదాకా అడుగుతూనే ఉండేవాణ్ణి. నేను రోజూ చేసే తీగ చుట్టే పనినే ఎవరో మహానుభావులు అంత దూరం తీసుకెళ్లారు. కానీ అప్పుడు నా చెవిలో బావ మాటే మోగింది, లోపల ఏందో గుచ్చుతాందని. నా కడ్డీ లాగలేని ముక్క లోపల ఉంటే, ఇది లాగుతుంది. కన్ను చీల్చుకుంటూ లాగుతుంది.

తలుపు దబదబా బాదాను. "రుకియే మేడమ్! ఉన్‌కీ ఆంఖ్ మే లోహా హై!" అని అరిచాను, ఆపమని, అతని కంట్లో ఇనుముందని.

ఆ అమ్మాయి బయటికొచ్చి ఫారం నా మొహం ముందు పెట్టింది. దాని మీద నహీ అని రాసింది ఎవరని హిందీలో నిలదీసింది. నేనేనన్నాను. ఆమె తిట్టిన తిట్లన్నీ నాకు తగినవే. వెనకాల ఆస్పత్రి గౌనులో బావ నిలబడి ఉన్నాడు. ఇంకా యంత్రం దాకా వెళ్లలేదు.

"ఏంది బామ్మర్ది? నువ్వు తీసినవ్ గదా!"

"తీసిన బావా. మొత్తం తీసిన్నో లేదో నాకు తెల్వది."

ఆ మాట అక్క ఎదురుగానే అన్నాను. ఆమె మొహం తిప్పుకుంది.

కంటికి ఎక్స్‌రే తీశారు. నువ్వుగింజలో సగమంత తెల్లటి చుక్క, కంటి లోపల, స్పష్టంగా. ఎమ్మారై కుదరదన్నారు. సీటీ తీస్తే తలలో ఒక నీడ కనబడింది గానీ అదేమిటో తేల్చలేకపోయారు. ముందు రాయపూర్‌కో విశాఖపట్నానికో వెళ్లి కంట్లోది ఆపరేషన్ చేసి తీయించుకోవాలి, అది మానాలి, ఆ తర్వాతే ఎమ్మారై. తలలో ఉన్నది అన్నాళ్లు ఆగుతుందో లేదో డాక్టరుకూ తెలియదు. నేను ఆ రోజు రెండోసారి కన్ను తెరిపించనందుకు ఇప్పుడు అతని తల ఎదురుచూడాలి.

కాగితాల కోసం వరండాలో కూర్చున్నాం. "తప్పయింది బావా. నీ కాళ్లు మొక్కుతా," అన్నాను. ఏడుపు ఆగలేదు.



"ఆ కన్ను నాలుగేండ్ల సంది సరిగ కనవడది," అన్నాడు బావ. "లోపల ఏందో ఉన్నదని నాకు ఎర్కే."

"మరి నాకు చెప్పలేదేంది?"

"ఎట్ల చెప్త? ఇంటోళ్ల కన్నే బాగు చెయ్యలేదంటే, నీ తాన్కి ఎవడొస్తడు?"

"ఇందాక ఫారంల లేదని రాయమన్నది గూడ అందుకేనా బావా?"

అతను అక్క వైపు తిరిగాడు. మంచినీళ్లున్నయా అని అడిగాడు. అక్క సీసా మూత తీసి, అతని చేతికివ్వకుండా తనే పట్టి తాగించింది. నా వైపు చూడలేదు.