చెంబులో ఎంతదాకా

మా కౌన్సెలింగ్ మేడం చనిపోయిందని మొన్న పొద్దున మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపు కూడా రాలేదు. ఇంతకీ నా భయం ఎట్లా తగ్గిందన్న పాత ప్రశ్నే మళ్ళీ లేచి కూర్చుంది. ఇక ఎవరిని అడగను?

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒకసారి బస్సులో ఊపిరాడక పడిపోయాక, పాలకుర్తిలో మా ఇంటి గడప దాటడమే మానేశాను. మందుల్లేకుండా మాటలతోనే తగ్గిస్తానని మేడం వారం వారం వచ్చేది. ఈ వారం గేటు దాకా, వచ్చే వారం కిరాణా దుకాణం దాకా నడిపించేది. తన వైద్యం పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఓ చెంబు ముందు పెట్టేది. "నీ భయం ఈ చెంబుల నీళ్ళనుకో, ఎంతదాకున్నది? ఏలు పెట్టి చూపియ్యి బిడ్డా" అనేది.

నేను ప్రతిసారీ కాస్త కిందికే చూపించేదాన్ని. ఎండన పడి వచ్చిన మనిషికి తగ్గలేదని ఏ నోటితో చెప్తాం? ఆమె దగ్గర చూపించుకునే పక్కింటి అక్కదీ అదే తంతు. కొన్నాళ్ళకు మేడం పసిగట్టింది.

"మీ మర్యాద పాడుగాను! నేను చాయ్ ఎట్లున్నదని అడుగుతలేను" అని పకపకా నవ్వింది.

అంతలో సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. మేడం రాలేదు. చౌరస్తాలో దీక్ష టెంటు వేశారు. "ఇంట్ల కూసుంటె తెలంగాణ వస్తదా?" అని మా అవ్వ చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. అంత జనం మధ్య గుండె దడదడలాడింది. లేచి మాత్రం పారిపోలేదు. మర్నాడు నా అంతట నేనే వెళ్ళాను.

బస్సులు తిరిగాక మేడం వచ్చి అంతా విన్నది. "నా మాటలతోని తగ్గిందా, టెంటుతోని తగ్గిందా?"

"మీ మాటలతోనే మేడం."

"ఇది మర్యాదనా, నిజమా?"

"ఏమో మేడం, నాకే తెల్వది."

"నాకూ సమజైతలేదు బిడ్డా. తెలిసినట్టు చెప్పుడైతే తప్పు" అంది. తన చదువు పనికొచ్చిందో లేదో తెలియదని అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

నిన్న మహబూబాబాద్‌కు బస్సులో ఒక్కదాన్నే వెళ్ళాను. దారి పొడుగునా భయమే. మధ్యలో దిగలేదు. ఏది దిగనివ్వలేదో ఇప్పటికీ తెలియదు. వాళ్ళింటి ముందు కాళ్ళు కడుక్కోమని మేడం చెల్లెలు నీళ్ళ చెంబు అందించింది. నా వేలు దానంతట అదే చెంబు మీదికి వెళ్ళింది. ఈసారి కిందికి కాదు, సగానికి చాలా పైన.

"ఇంతున్నది మేడం. అయినా వచ్చిన" అన్నాను.

చెల్లెలు అయోమయంగా చెంబు వంకా, నా వంకా చూస్తూ నిలబడింది.