పురిటి బొంతకు ఖరీదెంత

ఉత్తరాది ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లోని భాలుబాసా బస్తీలో మన తెలుగు వాళ్లింట పుట్టి, పోలమ్మ కుట్టిన బొంత కప్పుకోని బిడ్డ ఉండదు. శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్లయి వచ్చింది మొదలు, మెత్తబడ్డ పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టడమే ఆమె పని. మొగుడు పోలరాజు కాంట్రాక్టు కూలీ. పెద్ద బొంతల దగ్గర పోలమ్మ గీచిగీచి బేరమాడేది. పురిటి బొంతకు మాత్రం పైసా ముట్టేది కాదు. కొన్న బొంత కప్పితే బిడ్డకు కలిసిరాదని వాళ్లమ్మ చెప్పిందట. ఇక ఆ మాట దాటించడం బ్రహ్మతరం కూడా కాదు.

రెండు వేల ఐదులో, పక్కనే సాక్చీ బజారులో ఇంటర్నెట్ దుకాణం నడిపే, అక్కడే పుట్టి పెరిగిన పద్మకుమారి ఆ బొంతల ఫోటోలు తీసి ఒక అమ్మకాల వెబ్‌సైట్‌లో పెట్టింది. ఇంగ్లండులో మార్గరెట్ అనే పెద్దావిడ ఒకటి కొనుక్కుంది. అది ఎంత నచ్చిందో, తన కూతురు నీళ్లాడబోతోందనీ, పుట్టబోయే బిడ్డకు చిన్న బొంత కావాలనీ, ధర చెప్పమనీ మళ్లీ రాసింది.

"పురిటి బొంతకి దరేటి? ఊరికే పంపుతానని రాయ్," అంది పోలమ్మ.

"విలాయత్‌కి ఫ్రీగానా? పాగల్ హో గయీ క్యా, చాచీ? పిచ్చి పట్టిందా?" అని పద్మకుమారి పకపకా నవ్వింది.

ఎవరు నవ్వితే ఏం! పోలమ్మ పెట్టెలో దాచుకున్న తన పెళ్లినాటి నేతచీర తీసి మరీ కుట్టింది. పార్శిల్ మీద అంటించే కస్టమ్స్ చీటీలో విలువ దగ్గర పట్టుబట్టి సున్నా వేయించింది. పోస్టులో ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

కొన్నాళ్లకు మార్గరెట్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆడపిల్ల పుట్టిందట. బొంతను మాత్రం అక్కడి కస్టమ్స్ వాళ్లు ఆపేశారట. విలువ లేని వస్తువు ఉండదు, పంపినవాళ్లు ఖరీదు రాసివ్వాలి, లేదంటే వెనక్కి పంపేస్తాం అన్నారట.

"కరీదు సెప్తే అమ్మినట్టే గదేటే! అమ్మిన బొంత ఆ పసికూనకి ఎలగ కప్పమంటాను?" అంది పోలమ్మ. చెప్పకపోతే బొంతే చేరదు. ముఖమైనా చూడని ఆ పిల్ల కోసం బస్తీ ఆడవాళ్లందరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

చివరికి పద్మకుమారే ఆమెను పోస్టాఫీసుకు లాక్కెళ్లింది. పార్శిల్ కౌంటర్‌లో ఉండే కూర్మారావుది టెక్కలి వైపు. గోడు అంతా విని, తాపీగా అడిగాడు.

"అప్పా, పెళ్లిలో ఇత్తడి బిందె సదివింపులు సేత్తే పుస్తకంలో ఏటి రాత్తారు?"

"పలానా వోళ్లు బిందె ఇచ్చినారు, ఇంత కరీదు అని రాత్తారు."

"అలగని ఆ బిందె అమ్మినట్టా?"

"అమ్మినట్టేటి? అది సదివింపు గదా," అంది పోలమ్మ.

"ఆ దేశపోళ్ల సీటీ కూడా సదివింపుల పుస్తకమే అనుకో. కానుక అని రాయించు, కరీదూ రాయించు. కానుకలకి కొంతమట్టుకు పన్నుండదు. అది దాటితే పుచ్చుకున్నోళ్లు కడతారు."

"అయితే తక్కువ వేసేద్దాం చాచీ. టాక్స్ నహీ లగేగా, పన్నే పడదు," అంది పద్మకుమారి.

"సదివింపుల్లో దొంగలెక్క రాత్తారేటే? నా పెళ్లిసీర అది. ఉన్నది రాయ్!"

ఉన్నదే రాసి ఇంగ్లండుకు పంపారు. అది హద్దు దాటింది, మార్గరెట్‌కు పన్ను పడిందని కబురొచ్చింది. ఊరికే ఇస్తానని చెప్పి ఆవిడ చేత డబ్బు కట్టించానని పోలమ్మకు రెండు పూటలు ముద్ద దిగలేదు. పెద్దావిడ విసుక్కుని బొంత వద్దంటుందేమోనని పద్మకుమారికి దిగులు.

మూడోనాడు ఫోటో వచ్చింది. ఎర్రంచు బొంతలో గుప్పెళ్లు బిగించి నిద్రపోతున్న పిల్ల. 'పన్ను సంతోషంగా కట్టాను. నా మనవరాలి మీద ఒకరికి ఇంత ప్రేమ ఉందని మా ప్రభుత్వం కూడా రాసుకుంది' అని కింద రాసింది మార్గరెట్. పద్మకుమారి తెలుగులో చదివి చెబుతుంటే పోలమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రమే కూర్మారావు కౌంటర్ మీద అరిసెల డబ్బా పెట్టి, "నీ కడుపు సల్లగుండ, తమ్ముడా," అంది. ఆ మనిషి చేసిన మేలు చిన్నదేం కాదు.

చలికాలంలో ఇంగ్లండు నుంచి పార్శిల్ వచ్చింది. మార్గరెట్ స్వయంగా అల్లిన ఉన్ని శాలువా, కుట్టుపనికి రెండు మేలిరకం కత్తెరలు. చీటీ మీద ఆవిడ కూడా ఉన్న ఖరీదే రాసింది. కాబట్టి పన్ను కట్టాకే పార్శిల్ ఇస్తానన్నాడు పోస్ట్‌మాన్.

"ఊరికే వచ్చిందానికి మనం కట్టడమేటి? ఒగ్గేయ్," అని పోలరాజు గుర్రుమన్నాడు.

పోలమ్మ అప్పటికే కొంగుముడి విప్పుతోంది. "ఆయమ్మ నా బిడ్డబొంతకి కట్టినాది. నానెందుకు కట్టను?"

రసీదు పుచ్చుకుని, శాలువా భుజాల చుట్టూ కప్పుకుని, గోడమీది దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది. పన్ను కట్టినందుకు దేవుడికి దణ్ణం పెట్టిన మనిషిని భాలుబాసా అంతకుముందు చూసి ఉండదు.